నీలా టీచర్ వానాకాలపు ఏర్పాట్లు

ఎర్రదిబ్బ తండా అంగన్‌వాడీలోకి పిల్లలు పొద్దున్నే పులులై వస్తారు. గడప దగ్గర నీలా టీచర్ పీట వేసుకుని కూర్చుంటుంది. వచ్చిన ప్రతి బిడ్డా ఆమె ముందు నిలబడి, రెండు చేతులూ పంజాల్లా చాచి, నోరు బార్లా తెరిచి గర్జించాలి. గర్జన బాగుంటే టీచర్ భయపడి పక్కకు జరుగుతుంది, పులి లోపలికి పోతుంది. చూసేవాళ్లకు అది ఆట. ఆ కాస్త సేపట్లోనే ఆమె అరచేతులు, గోళ్లు, నాలుక, గొంతు, కళ్ల రంగు అన్నీ చూసేస్తుంది. "మంచి పులి" అంటూ నుదుటి మీద చెయ్యి వేసి ఒంటి వేడి కూడా చూస్తుంది.

ఈ ఆట ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఒక చెడ్డ వానాకాలం తర్వాత తనే కనిపెట్టుకుంది.

నీలాది హాలియా పక్కన ఒక తండా. మిర్యాలగూడలో ఇంటర్ దాకా చదివింది. ఆటో నడిపే జితేందర్‌ను పెళ్లి చేసుకుని పాలకీడు మండలంలోని ఈ తండాకు వచ్చింది. ఇరవై నాలుగేళ్లకు టీచర్ ఉద్యోగం దొరికింది. ఇంట్లో లంబాడీ తప్ప మరో మాట వినని పిల్లలకు మొదట వాళ్ల మాటలోనే కథ చెప్పి, తర్వాత అదే కథ తెలుగులో చెప్పేది. పిల్లలు తొందరగా దగ్గరయ్యారు. పని తనకు బాగా వచ్చేసిందని అనుకుంది.

అప్పట్లో కేంద్రంలో ఒక బిందె, దానికి ఒకే గ్లాసు ఉండేవి. ఎవరికి దూప అయితే వాళ్లు ముంచుకుని తాగేవారు. మొదటి ఏడాది ఆగస్టులో ఇద్దరు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. వారం తిరిగేసరికి పదకొండు మందికి అయ్యాయి. చాందీ అనే మూడేళ్ల పాపకు కళ్లు లోతుకు పోయి, ఒళ్లు వేలాడిపోతే మిర్యాలగూడ దవాఖానాకు తీసుకుపోయారు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. నీలా రోజూ వెళ్లి మంచం పక్కన కూర్చునేది. రెండో రోజు చాందీ తల్లి ఆమెను ఒకే ఒక మాట అడిగింది.

"ఏం నీళ్లు తాపినవ్ టీచర్?"

ఆ అడగడంలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.  ఆ వారం నీళ్లు బోరువో ట్యాంకరువో నీలాకు గుర్తు లేదు. మొదట ఏ బిడ్డకు వచ్చిందో కూడా తెలియదు. చాందీ కోలుకుంది, ఇప్పుడు గురుకులంలో చదువుకుంటోంది. కానీ ఆ రోజు తనకు ఏమీ గుర్తు లేకపోయిన సంగతి నీలా ఎవరికీ చెప్పుకోలేదు. పాప ఇంటికి వచ్చాక ఒక లాంగు నోటుబుక్కు కొని ఇల్లిల్లూ తిరిగింది. ఏ బిడ్డకు ఏ రోజు మొదలైంది, ఎన్ని రోజులు ఉంది, తల్లి ఎన్ని రోజులు పని మానుకుంది, అన్నీ రాసుకుంది.

అప్పటి నుంచి రోహిణి ఎండలు తగ్గగానే ఆమె వానాకాలానికి సిద్ధమవుతుంది. ఆయా సరోజ పక్క ఊరి నుంచి నడిచి వస్తుంది. ఇద్దరూ కలిసి మేడ మీది ట్యాంకును ఖాళీ చేసి, పాచి గీకి, బ్లీచింగ్ వేసి కడుగుతారు. ప్రతి బిడ్డకూ ఒక గ్లాసు, ఒక పళ్లెం ఉంటాయి. పిల్లలకు చదవడం రాదు కాబట్టి నీలా వాటి మీద గోళ్ల రంగుతో బొమ్మలు వేస్తుంది. ఒకరికి పిట్ట, ఒకరికి సైకిలు, ఒకరికి బెండకాయ. బెండకాయ వచ్చిన పిల్లవాడు రెండు రోజులు ఏడ్చాడు, తర్వాత దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. టీకా కార్డులన్నీ ముందేసుకుని ఎవరికి ఏది బాకీ ఉందో చూసి ఏఎన్ఎం దీపకు ఫోన్ చేస్తుంది. కరోనా పోయిన ఏడాదికే తండా అంతా సబ్బుతో చేతులు కడగడం మర్చిపోయింది కానీ, ఈ గదిలో మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

బయట అరుగు మీద పాత చీరతో ఒక తెర కట్టి, వెనక చాప వేసింది. ఒళ్లు వెచ్చబడిన బిడ్డ తల్లి వచ్చేదాకా అక్కడ ఉండాలి. మొదట్లో పిల్లలు దాన్ని శిక్ష అనుకుని ఏడ్చేవారు. అందుకని కేంద్రంలోకెల్లా మంచి బొమ్మ, పసుపు రంగు లారీ, అక్కడ పెట్టింది. మర్నాటి నుంచి నలుగురైదుగురు తమకు జ్వరమని చెప్పుకుంటూ వచ్చారు. అప్పుడు లారీని తీసి, కడగడానికి వీలుగా ఉండే మామూలు బొమ్మలే పెట్టింది.

ఇదంతా చూసి సూపర్‌వైజర్ మేడం మెచ్చుకునేది. నీలాకు కూడా అంతా సరిగ్గా ఉందనే ధీమా ఉండేది. కానీ అందులో ఒక లోటు ఉందని పోయిన ఆగస్టులో తెలిసింది.

సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలారు. తండాలో ఆడవాళ్లంతా నాట్లకు పోతున్నారు. ఒక మంగళవారం పొద్దున వినయ్ అనే నాలుగేళ్ల పులి గడప దగ్గర నిలబడి నోరు సగమే తెరిచాడు.

"పులికి నోరు నొస్తంది" అన్నాడు.

నీలా టార్చి వేసి చూసింది. బుగ్గల లోపల ఎర్రటి పుండ్లు ఉన్నాయి. అరచేతుల్లో, అరికాళ్లలో సన్నటి పొక్కులు ఉన్నాయి. ఒళ్లు వెచ్చగా ఉంది. వాణ్ని అరుగు మీద కూర్చోబెట్టి దీపకు ఫోటోలు పంపింది. మధ్యాహ్నానికి దీప డాక్టరును వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన చూసి, ఇది హ్యాండ్ ఫుట్ మౌత్ అనే జబ్బు అన్నాడు. చిన్న పిల్లల్లో తొందరగా పాకుతుంది, మామూలుగా వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది, అంతవరకు మిగతా పిల్లలతో కలపవద్దు అన్నాడు. చల్లటి మజ్జిగ, మెత్తటి అన్నం పెట్టమన్నాడు. బిడ్డ ఏమీ తాగకపోయినా, మూత్రం పోయకపోయినా, మత్తుగా పడి ఉన్నా ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మన్నాడు.

సాయంత్రం వినయ్‌ను తీసుకుపోవడానికి నాయనమ్మ కమలాబాయి వచ్చింది. పదహారు మంది ఆడవాళ్ల నాట్ల ముఠాకు ఆమే పెద్ద. మనవడి చేతులు చూసి, ఇది అమ్మవారే, డాక్టర్లకు ఏం తెలుసు అంది. నీలా వాదన పెట్టుకోలేదు. అమ్మవారైనా జబ్బైనా సరే, వారం రోజులు ఇంట్లోనే ఉంచమని చెప్పి పంపింది.

మర్నాడు పొద్దున వినయ్ మళ్లీ గడప దగ్గర ఉన్నాడు. పొడుగు చేతుల చొక్కా తొడిగి, చేతులు కనపడకుండా గుండీలు పెట్టారు. జ్వరం మందు తాగించి తెచ్చారేమో, ఒళ్లు చల్లగానే ఉంది. వాడి తల్లి అనూష నీలా కళ్లలోకి చూడకుండా నిలబడింది. వెనక మరో ఇద్దరు పిల్లలు గర్జించలేక నోరు పట్టుకుని ఉన్నారు.

ఇంటికి తీసుకుపొమ్మని నీలా అంటే అనూష అప్పుడు తలెత్తింది.

"తీస్కపోత టీచర్. తీస్కపోయి యాడ పెట్టాలె? అత్త, నేను ఇద్దరం నాట్లకే పోతం. ఇరవై దినాల పని ఇది. నీ కాడ గాకపోతే ఎవల కాడ ఉంచాలె, నువ్వే సెప్పు."

చాందీ తల్లి అడిగిన మాట నీలాకు ఇన్నేళ్ల తర్వాత మళ్లీ గుర్తొచ్చింది. సబ్బులు, గ్లాసులు, టీకాలు అన్నీ చూసుకుంది. బిడ్డను ఇంటికి పంపితే ఆ ఇంట్లో ఎవరుంటారని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తన తప్పు తనకు కనపడింది. అనూషను ఇంకేమీ అనబుద్ధి కాలేదు.

"ఇయ్యాల ఒక్క రోజు అరుగు మీద ఉంచుత. పొద్దుగూకంగ మీ ముఠా కాడికొస్త, ఉండుర్రి" అంది.

ఆ రోజంతా సరోజ ముగ్గురు పిల్లలతో తెర వెనకే ఉంది. వాళ్లకు ఆమే తినిపించింది, మిగతా పిల్లల దగ్గరికి రాలేదు. లోపల వంట, పాఠం, అటెండెన్సు అన్నీ నీలా ఒక్కతే చూసుకుంది. కేంద్రం మూసే వేళకు బొమ్మలన్నీ బ్లీచింగ్ నీళ్లతో తుడిచి ఎండకు పెట్టి, నోటుబుక్కు పట్టుకుని కాల్వ గట్టుకు పోయింది.

ఆడవాళ్లు బురద కాళ్లు కడుక్కుంటున్నారు. నీలా గట్టు మీద కూర్చుని లంబాడీలో మాట మొదలుపెట్టింది. మొదట కమలాబాయిని, అమ్మవారు పోసిన ఇంటికి ఏం చేస్తారని అడిగింది. గడపకు వేపరెమ్మ కడతాం, బయటివాళ్లను రానివ్వం అంది ఆమె. తను అడిగేది కూడా అదే అని నీలా చెప్పింది. మరి రెమ్మ ఎందుకు కట్టలేదంటే, కట్టినా లోపల ఎవరున్నారు, అందరం పొలంలోనే ఉన్నాం కదా అంది కమలాబాయి.

అప్పుడు నీలా తన ఆలోచన చెప్పింది. జబ్బు చేసిన పిల్లలందరినీ ఒకే ఇంట్లో ఉంచాలి. వాళ్లకు ఎలాగూ వచ్చేసింది కాబట్టి ఒకరి నుంచి ఒకరికి కొత్తగా భయం లేదు. ఆ పిల్లల తల్లుల్లో రోజుకొకరు వాళ్ల దగ్గర ఆగాలి. నాట్లు ఎకరానికి ఇంతని గుత్తకు పట్టినవే కాబట్టి, డబ్బు పంచుకునేటప్పుడు ఆగిన మనిషిని కూడా పనికి వచ్చినట్టే లెక్కపెట్టాలి.

 సరిత అనే ఆమె లేచింది. తన చిన్న బిడ్డ నందినికి ఏడాదిన్నర, ఏ జబ్బూ లేదు. మంచిగున్న పిల్లల తల్లులు వేరేవాళ్ల కోసం నడుం విరగ్గొట్టుకోవాలా అని అడిగింది. అడగడంలో తప్పేమీ లేదని నీలాకు కూడా అనిపించింది. జవాబుగా నోటుబుక్కు తెరిచింది. రెండేళ్ల కింద కండ్లకలక వచ్చినప్పుడు ఎవరూ పిల్లల్ని ఇంట్లో ఆపలేదు. ఒకరి నుంచి ఒకరికి పద్నాలుగు మందికి అంటుకుంది. చివరికి ముఠాలో తొమ్మిది మంది ఇంట్లో కూర్చున్నారు. ఆ తొమ్మిది మంది పేర్లూ చదివింది. పెద్ద బిడ్డ కోసం ఆగిన సరిత పేరు కూడా అందులో ఉంది.

కమలాబాయికి ఆ ఏడాది బాగా గుర్తుంది. మనుషులు చాలక, పట్టిన పొలం వేరే ముఠాకు పోయింది. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది.

"పదహారు మందిల ఒకలు ఆగితే పదిహేను మందిమి నాటేస్తం. తొమ్మిది మంది ఆగితే ఏం నాటేస్తం? రేపు అనూష ఆగుతది. మా ఇంట్లనే ఉంచుర్రి" అంది.

పొద్దున కమలాబాయి ఇంటి గడపకు వేపరెమ్మ వేలాడింది. దాన్ని చూసి ఆడుకునే పిల్లలు కూడా దూరంగానే తిరిగారు. నీలా లోపలి గోడకు ఒక కాగితం అంటించింది. ఒక్కో బిడ్డకు ఒక్కో వరుస ఉంటుంది, బిడ్డ ఏమైనా తాగితే ఒక గీత, మూత్రం పోస్తే ఒక సున్నా పెట్టాలి. ఎవరు ఆగినా చేతులు ఎప్పుడెప్పుడు కడగాలో, పసిపిల్లల గుడ్డలు ఎలా ఉతకాలో సరోజ చూపించింది. కేంద్రం నుంచి పిల్లల గుడ్లు, అన్నం రోజూ ఆ ఇంటి గడప దాకా వెళ్లాయి.

నాలుగో రోజుకు నందినికి కూడా పొక్కులు వచ్చాయి. సరిత బిడ్డను ఎత్తుకుని వేపరెమ్మ ముందు నిలబడింది, లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. ఆ రోజు మళ్లీ అనూష వంతు. ఆమె చేతులు చాచి బిడ్డను తీసుకుంది. మధ్యాహ్నానికి నందిని వరుసలో ఒక గీతే ఉంది, సున్నా ఒక్కటీ లేదు. మజ్జిగ నోట్లో పోస్తే బయటికి వస్తోంది, పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. అనూష వెంటనే నీలాకు ఫోన్ చేసింది. పొలంలో తల్లులు ఫోన్లు ఎత్తరని, ముఠా పెద్ద ఒక్కతే ఎత్తుతుందని నీలాకు తెలుసు కాబట్టి కమలాబాయి ఫోనుకు చేసి, భర్త జితేందర్ ఆటోలో నందినిని సరోజతో గట్టు మీదికి పంపింది. సరిత బురద కాళ్లతోనే ఆటో ఎక్కింది. మిర్యాలగూడలో డాక్టరు, సరైన వేళకే తెచ్చారని చెప్పి సెలైన్ పెట్టాడు. మూడో రోజు తల్లి చంకలో కూర్చుని బిస్కెట్టు నాకుతూ నందిని ఇంటికి వచ్చింది.

మొత్తం మీద తండాలో ఏడుగురు పిల్లలకు వచ్చింది. కేంద్రంలో ముప్ఫై ఒక్క మంది ఉన్నారు. పది రోజులు దాటాక కొత్త కేసు లేదు. కేంద్రం ఒక్క రోజు కూడా మూయలేదు, ముఠా ఒక్క పొలం కూడా వదులుకోలేదు.

దసరా అయ్యాక కోదాడలో జరిగిన టీచర్ల శిక్షణలో నీలాను మాట్లాడమన్నారు. ఆమె పులి ఆట చూపించింది, అందరూ నవ్వారు. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పింది, వినయ్‌ను ఇంటికి పంపితే అక్కడ ఎవరుంటారని తను ఆలోచించని సంగతి కూడా దాచలేదు. చిలుకూరు వైపు నుంచి వచ్చిన ఒక టీచర్ లేచి, మీకు ముఠా ఉంది కాబట్టి సరిపోయింది, మా తల్లులు తలో చోటికి పనికి వెళ్తారు, మేమేం చెయ్యాలండీ అని అడిగింది.

"నాకు తెల్వదు మేడం" అంది నీలా. "మీ తల్లులనే అడుగుర్రి. నేను గట్ల అడిగినంకనే తెలిసింది. కాకపోతే జబ్బు రాకముందే అడుగుర్రి. నేను జర ఆలస్యం జేసిన."

తిరిగొచ్చిన మర్నాడు తండాలో తల్లుల మీటింగు పెట్టింది. సంక్రాంతి దాటితే సగం మంది మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోతారు, ఇంటి దగ్గర ముసలివాళ్లూ పిల్లలూ మిగులుతారు. అప్పుడు జబ్బు వస్తే ఏ ఇంట్లో పెట్టాలి, ఎవరు ఆగాలి అని అడిగింది. ఎవరికి వారు చెప్పడం మొదలుపెట్టారు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే ముందు వరసలో కూర్చున్న కమలాబాయి చెయ్యి ఎత్తి అందరినీ ఆపింది.

"మిర్చికి ఈసారి నేను పోను. నడుం లేస్తలేదు. మొదాల నా పేరు రాయి" అంది.

నీలా కొత్త పేజీ తిప్పి ఆమె పేరు రాసుకుంది. రెండో పేరు సరిత చెప్పింది, తన అత్తది.