అనుమానాల టిల్లీ గారు – కోళ్ళగూటి కేసు

టిల్లీ గారి లెక్కలో మా ఊళ్ళో మామూలుగా చచ్చిపోయినవాడంటూ ఎవడూ లేడు. జ్వరంతో పోయినా, ముసలితనంతో పోయినా, వరండాలో ఉయ్యాల కుర్చీలో కునుకు తీస్తూ అలాగే పోయినా సరే, ఆయన టోపీ వెనక్కి తోసి, ముక్కు రుద్దుకుని, "ఎక్కడో తేడా కొడుతోందమ్మా" అనేవారు.

నేను 'ఫెర్రీ బెల్' వారపత్రికలో ఫొటోలు తీసేదాన్ని. అంబ్రోస్ టిల్లీ గారు అక్కడ విలేకరి. ఉన్న విలేకరి ఆయనొక్కడే. హాస్కెట్ ఫెర్రీ ఎంత ఊరని! నది, రేవు, రెండు చర్చిలు, ఒక మంగలి షాపు. హత్య అన్న మాట మా వాళ్ళు రేడియోలో వినడమే తప్ప కళ్ళతో చూసిన పాపాన పోలేదు. అయినా ఆయనకి నమ్మకం సడలలేదు.

తొంభై దాటిన ప్రూయెట్ మామ్మ నిద్రలో పోతే, ఈయన వెళ్ళి మనవణ్ణి పక్కకి పిలిచారు.

"మామ్మ పోతే లాభం ఎవరికి?"

"ఎవరికండీ? ఉన్నదల్లా ఆవిడ పిల్లి. అది కూడా నాకే అంటగట్టింది."

"పిల్లి ఉందా! మరి ఆ సంగతి ముందే చెప్పవేం? మామ్మకీ పిల్లికీ ఎలా ఉండేది?"

మనవడికి ఒళ్ళు మండిపోయింది. "ఏం మనిషివయ్యా! మామ్మ పాలల్లో మీగడ దానికి పెట్టి, నీళ్ళ పాలు మాకు పోసేది!" అని అరిచాడు. ఆ అరుపుతో మొదలైన మాటలు మామ్మ చీపురు దాకా, చీపురుదెబ్బల దాకా వెళ్ళాయి. గంట తర్వాత చూద్దును కదా, కొట్టడానికి లేచిన కుర్రాడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఈ ముసలాయనకి మతి చెడిందనీ, ఆ కుర్రాడికి అంటించాడనీ అనుకున్నాను.

ఇంకో సంగతి. ఆయన కోటు పైజేబులో పెన్సిల్ పక్కన ఒక ఫోర్కు ఉండేది. ఎవరింట్లోనైనా మనిషి పోతే, ఊళ్ళో ఆడవాళ్ళంతా తలో వంటకం గిన్నెలో పెట్టి, గుడ్డ కప్పి తీసుకెళ్తారు కదా. గిన్నె తిరిగి రావాలని అడుగున పట్టీ మీద పేరు రాసి అంటిస్తారు. టిల్లీ గారు వెళ్ళీ వెళ్ళగానే ప్రతి గిన్నెనీ తలకంటే ఎత్తుకి లేపి అడుగు చూసేవారు. "అనుమానితుల వివరాలమ్మా ఇవి" అనేవారు. అలా ఎత్తినప్పుడు గ్రేవీ కారి ఆయన టోపీ అంచుకి చేరని చావు మా ఊళ్ళో లేదు. ఆ తర్వాత ఫోర్కు బయటికి తీసి, ఒక్కో అనుమానితురాలి వంటనీ రుచి చూసేవారు. "విషం ఉందేమోనని" అని సంజాయిషీ ఒకటి.

అలాంటి మనిషికి కెప్టెన్ లూథర్ హార్గ్రోవ్ చావు దొరికింది.

కెప్టెన్ అంటే మా ఊరికి దేవుడు. పెద్ద వరదలో పడవ వేసుకుని ఇళ్ళ కప్పుల మీది జనాన్నంతా ఒడ్డుకి చేర్చిన మనిషి. ఆ మనిషి ఓ రోజు పొద్దున తన కోళ్ళగూట్లో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, చేతిలో గుడ్డుతో పోయాడు. గుండె ఆగిందని డాక్టర్ ఓడెల్ అప్పుడే చెప్పాడు. ఊరికి మాత్రం మింగుడు పడలేదు. వీరుడు కోళ్ళగూట్లో పోవడమేమిటి? మర్నాటికి మంగలి షాపులో ఆయన నది వైపు చెయ్యి చాచి పోయాడన్నారు. మూడో రోజుకి మేయరు గారి నోట్లో, మునిగిపోతున్న పిల్లాణ్ణి కాపాడుతూ పోయాడు. ఆ పిల్లాడెవరంటే ఎవరికీ తెలీదు.

మా సంపాదకుడు క్రంప్ గారు బల్ల గుద్దారు. "టిల్లీ! నది అని రాయి, జెండా అని రాయి. కోడి అన్న మాట నా పేపర్లో కనపడకూడదు!"

"తేడా కొడుతోందండీ" అని టిల్లీ గారు లేచారు. "వెర్నా, కెమెరా తియ్యి."

కెప్టెన్ భార్య అడలైనమ్మ వంటింట్లో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చునుంది. ఆయన పోయినప్పటి నుంచి అంతే. తినదు, మాట్లాడదు. వచ్చినవాళ్ళంతా వీరుడి గురించి ఉపన్యాసం ఇవ్వడం, గిన్నె పెట్టి పోవడం. బల్ల మీద హామ్, బీన్స్, చీజ్ వేసిన మాకరోనీ, కోడి నూడుల్స్ ఎక్కడివక్కడే చల్లారిపోయాయి. కెప్టెన్ తమ్ముడు ప్రెస్టన్ సిటీ నుంచి వచ్చి, ఇంటికి తాళం పెట్టి వదినని అక్కడి విశ్రాంతి ఆశ్రమంలో చేర్పించడానికి అన్నీ ఏర్పాటు చేసేశాడు. ఆ రోజే సాయంత్రం కారు తెస్తానన్నాడు. హాల్లో ఆవిడ పెట్టె సర్ది ఉంది. ఆ ఆశ్రమానికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం మేం చూడలేదు. ఆవిడకి వెళ్ళాలని లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. కాదనే ఓపిక మాత్రం లేదు.

టిల్లీ గారు గిన్నెల అడుగులు చూసి, టోపీకి గ్రేవీ పూయించుకుని, ఆవిడ ఎదురుగా కూర్చున్నారు.

"అడలైనమ్మా, మీ ఆయనకి శత్రువులెవరు?"

నేను ఆయన కాలు తొక్కాను. ఆయన నా కాలు తిరిగి తొక్కారు.

"లేరా? నమ్మమంటారా? అంత వీరుడికి ఒక్క శత్రువు కూడా లేడా?"

చాలాసేపటికి ఆవిడ పెదవులు కదిలాయి. "బాతు."

"ఏమిటీ?"

"పక్కింటి వాళ్ళ పెద్దబాతు. అదంటే ఆయనకి హడల్."

"కెప్టెన్ గారికా?"

"ఆయనకే. వరదలో తెడ్డు వదలని మనిషి, ఆ బాతు కనిపిస్తే నన్ను ముందుకు తోసి నా వెనక దాక్కునేవాడు."

టిల్లీ గారు గంభీరంగా లేచి, బాతుని విచారించడానికి కంచె దగ్గరికి వెళ్ళారు. లోపలికి వచ్చేటప్పుడు కోటు వెనక గుడ్డ పీలిక వేలాడుతోంది. "సాక్షి సహకరించడం లేదు" అన్నారు. అడలైనమ్మ ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వో, ఏడుపో నేను చెప్పలేను.

"సరే. ఆ రోజు పొద్దున్న ఆయన ఏం తిన్నాడు?"

"చెర్రీ పై, పిండి రొట్టెలో పుల్ల చెర్రీలు కూరి కాల్చింది. రాత్రి మిగిలింది."

"ఎవరు చేశారు?"

"ఎవరు చేస్తారు, నేనే."

టిల్లీ గారు ఫోర్కు నెమ్మదిగా బల్ల మీద పెట్టారు. ఆవిడ మొహంలోకి చూశారు. ముక్కు రుద్దుకున్నారు.

"అంటే, మీ చెర్రీ పై తిని, కోళ్ళగూటి దాకా నడిచి..." అని ఆగి, "ఎక్కడో తేడా కొడుతోందమ్మా" అన్నారు.

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అడలైనమ్మ లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"నా పై తిని చచ్చాడంటావా? నా చేత్తో చేసిన పై! మూడు ఊళ్ళ సంతల్లో బహుమతులు కొట్టిన పై!"

"నేననలేదు. పరీక్షించకుండా ఏమీ అనను. ఇక్కడ అందరి వంటా ఉంది, మీదొక్కటే లేదు."

"ఉండు, నీ సంగతి చెబుతాను!" అని ఆవిడ పొయ్యి వెలిగించింది. యుద్ధం రోజులు, చక్కెర రేషను. డబ్బాలో ఉన్నదంతా బోర్లించేసింది. పిండి ముద్దని బల్లకేసి ఎంత కసిగా బాదిందంటే, అది టిల్లీ గారి తలే అనుకుంటోందని నాకు అనుమానం. బాదుతూ మాట్లాడింది. కెప్టెన్ గురకకి కోళ్ళు బెదిరి గుడ్లు మానేశాయనీ, అందుకే రోజూ పొద్దున్నే వెళ్ళి వాటిని బతిమాలుకునేవాడనీ, ఆ రోజు కూడా గుడ్డు పెట్టినందుకు ఓ కోడికి థాంక్స్ చెబుతుంటే తను కిటికీలోంచి విందనీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది, చెర్రీలు చేత్తో తీసుకుని తినేసింది. పొయ్యి వేడికో, మాటలకో, ఆవిడ బుగ్గలకి రంగొచ్చింది.

కాలిన చెర్రీ పై పొయ్యిలోంచి బల్ల మీదకి వచ్చేసరికి బయట కారు ఆగింది. ప్రెస్టన్ లోపలికి వచ్చాడు.

"వదినా, పెట్టె ఇదేనా? పద, చీకటి పడకముందే చేరాలి."

"నేను రాకూడదయ్యా" అంది అడలైనమ్మ, చేతులు తుడుచుకుంటూ. "నా మీద అనుమానం ఉంది. విచారణ అయ్యేదాకా ఊరు దాటకూడదు."

"విచారణా? ఎవడన్నాడు?"

"పత్రిక అంది" అన్నారు టిల్లీ గారు, నోటినిండా పైతో.

"అసలు నీకేం అధికారం ఉందయ్యా?"

"అధికారం లేదు బాబూ. అనుమానం ఉంది. ఈ ముక్కతో తేలలేదు, ఇంకోటి చూడాలి."

"పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలువు" అంది అడలైనమ్మ. "వాళ్ళకీ తలో ముక్క పెడతాను. ముందు నువ్వు కూర్చో. మీ అన్నకి బాతంటే భయమని నీకు తెలుసా?"

ప్రెస్టన్ నోరు తెరిచాడు. "ఇప్పటికీనా? చిన్నప్పుడు బాతు వెంటపడితే చెట్టెక్కి, చీకటిపడ్డా దిగనన్నాడు! అమ్మ వెళ్ళి బతిమాలితే..." అని చెబుతూ చెబుతూ కూర్చున్నాడు. రెండు ముక్కలు తిన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు వదిన పెట్టె తనే మోసుకెళ్ళి మళ్ళీ ఆవిడ గదిలో పెట్టి, ఖాళీ కారుతో పోయాడు.

దారిలో నేను ఆగలేకపోయాను. "సిగ్గులేదండీ మీకు? ఆవిడని పట్టుకుని హంతకురాలంటారా?"

టిల్లీ గారు నడక తగ్గించారు. "మా అమ్మ పోయినప్పుడు ఊరంతా వచ్చి, ధైర్యంగా ఉండు అని చెప్పి పోయారమ్మా వెర్నా. అమ్మ ఎలాంటిదో ఒక్కడూ అడగలేదు. ఎవడైనా వచ్చి, మీ అమ్మని నువ్వే చంపావా అని అడిగినా బాగుండేది. లేదురా, మా అమ్మ ఇలాంటిది అని చెప్పుకునేవాణ్ణి." తర్వాత టోపీ ముందుకి లాక్కుని, "ఇది పేపర్లో వేస్తే ఊరుకోను" అన్నారు.

ఇన్నేళ్ళూ పిచ్చివాడనుకున్న ఆ మనిషిని కౌగిలించుకోవాలనిపించింది. గ్రేవీ చూసి మానేశాను.

ఆ వారం పేపర్లో నదీ లేదు, జెండా లేదు, కోడీ లేదు. 'కెప్టెన్ మృతిపై విచారణ సాగుతోంది' అని ఒక్క ముక్క. పై వారమూ అదే. క్రంప్ గారు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారు. ప్రతి గురువారం టిల్లీ గారు పరిశోధనకి వెళ్ళేవారు, నడుము బెల్టు ఒక రంధ్రం సడలించుకుని తిరిగొచ్చేవారు. యుద్ధం ముగిసింది, విచారణ మాత్రం ముగియలేదు.

ఓసారి ఫొటోలు ఇవ్వడానికి వెళ్ళి, ఉండబట్టలేక అడలైనమ్మకి చెప్పేశాను. "ఆయనకి మీ మీద అనుమానం ఎప్పుడూ లేదండీ."

"ఆ మాత్రం తెలీదా నాకు? డాక్టరు ఓడెల్ మొదటి రోజే చెప్పలేదూ గుండె అని? పిల్లదానివి, నీకేం తెలుసు!"

"మరి ఆయనకి చెప్పరేం?"

"చెబితే కేసు మూసేస్తాడుగా. పాపం ఒంటరి మనిషి. గురువారం పూట ఇంకెక్కడికి వెళ్తాడు, ఎవరు తిండి పెడతారు?" అని ఆవిడ గొంతు తగ్గించింది. "ఈ మధ్య ఆధారాల్లేక డీలా పడిపోతున్నాడమ్మాయ్. రేపు వస్తాడు, పక్కకి తప్పుకో."

అని, కెప్టెన్ లూథర్ గారి పాత బూటు ఒకటి బురదలో బాగా పొర్లించి, కోళ్ళగూటి వెనక కాస్త కనబడేలా దాచి వచ్చింది.