నాలుగో ముద్దకు ముక్కు కారేది

ఆపరేషన్ అయిన మూడో నెలలో నేను మళ్ళీ బడికి పోవడం మొదలుపెట్టాను. మా ఇల్లు నంద్యాలలో, నేను లెక్కలు చెప్పే బడి ఆళ్లగడ్డలో. ఏళ్ళ తరబడి ఎక్కుతున్న పొద్దుటి బస్సే. కానీ ఆ రోజు సీట్ల మధ్య పక్కకు తిరగకుండా నేరుగా నడిచిపోయాను. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోలేదు. లావు తగ్గడానికి హైదరాబాదు పోయి కడుపు చిన్నది చేయించుకున్నానని నా భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళందరికీ పిత్తాశయంలో రాళ్ళు తీశారని చెప్పాం.

మా ఆయన తల్లి, మా అత్తకూ అదే చెప్పాం. ఆమె ఇల్లు బడి వెనక వీధిలో. బాలికల హాస్టల్లో వంటమనిషిగా చేసి రిటైరైంది. ఏ పిల్ల కంచంలో ఎంత వదిలిందో చూసి, ఆ పిల్లకు జ్వరమో ఇంటి మీద బెంగో చెప్పగలిగేది. ఆళ్లగడ్డకు బదిలీ అయినప్పటి నుంచి మధ్యాహ్నం గంట కొట్టగానే నేను ఆమె ఇంటికి పోయి తిని వచ్చేదాన్ని.

మళ్ళీ పోయిన మొదటి రోజే నా కష్టం నాకు తెలిసింది. ఆమె ప్రార్థన చేసింది, నేను తినడం మొదలుపెట్టాను. మూడు ముద్దల దాకా బాగానే ఉంది. నాలుగోది మింగగానే ముక్కు నీళ్ళలా కారింది. వెంటనే రెండు తుమ్ములు. గొంతులో ఎవరో వేలు పెట్టి అదిమినట్టు బిగుసుకుంది. చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను.

"జలుబు చేసిందా అమ్మీ?" అంది అత్త.

"అవునత్తా, బస్సులో గాలికి."

మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే. హైదరాబాదు డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన తేలిగ్గా చెప్పాడు. "చాలామందికి అట్లాగే అవుతుందమ్మా. ముక్కు కారిందంటే కడుపు నిండిందని అర్థం. అక్కడ ఆపేయండి. మెల్లగా నమలండి, తినేటప్పుడు నీళ్ళు తాగొద్దు." వినడానికి సులువుగానే ఉంది. కానీ అత్త ఎదురుగా కూర్చుని నా కంచం వైపే చూస్తుంటే నాలుగో ముద్దకు ఆపడం ఎట్లా? ఐదోది తినేదాన్ని. ఆరోది తినేదాన్ని. తర్వాత బడికి పోయి, పాఠం చెబుతూ గుండె మధ్యలో బరువు మోస్తూ అటూ ఇటూ తిరిగేదాన్ని. కూర్చుంటే మరీ కష్టంగా ఉండేది. పిల్లలకు నా వైపు చూడాలో బోర్డు వైపు చూడాలో తెలిసేది కాదు.

కొన్నాళ్ళకు కూరల్లో కారం తగ్గింది. మొదట నేను గమనించలేదు. ఒకరోజు వంకాయ కూర నోట్లో పెట్టుకుంటే ఉప్పు, నూనె తప్ప ఇంకేమీ తగల్లేదు. అత్త చేతి కూర అట్లా ఉండడం నేనెప్పుడూ ఎరగను.

"కారం వేయలేదా అత్తా?"

"నీ ముక్కు కారుతాంది గదా. కారానికేమోనని మానేసినా. నాకూ అలవాటైతాంది లే."

ఆమె అదే కూర కలుపుకొని తింటోంది. ఇష్టం లేని ముద్దను పక్క దవడకు తోసి మింగుతోంది. చెప్పేద్దామనుకున్నాను. కానీ తల వంచుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాను. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఆదివారం నేనూ మా ఆయనా ఆళ్లగడ్డ చర్చికి పోయాం. ఆరాధన అయ్యాక అత్త ఇంట్లో భోజనం. నా కోసం పొట్టేలు మాంసం తెప్పించింది, ఎముక లేని ముక్కలు ఏరి నా కంచంలో వేసింది. ఒక ముక్క సరిగా నమలకుండా మింగాను. అది రొమ్ము ఎముక వెనక ఎక్కడో నిలబడిపోయింది. ముక్కు, కళ్ళు కారడం మొదలైంది. కంగారులో నీళ్ళు తాగాను. ఆ నీళ్ళూ కిందికి పోలేదు. నోట్లో తెల్లటి నురగ ఊరుతూనే ఉంది. పెరట్లోకి పరుగెత్తి గోడ పట్టుకుని వంగాను. ఊపిరి ఆడుతోంది, మాట మాత్రం రావడం లేదు. వెనకనుంచి అత్త వీపు రాస్తోంది. చాలాసేపటికి ఆ ముక్క బయటికి వచ్చింది.

"ఏంది అమ్మీ ఇది? ఇది జలుబు గాదు. నిజం చెప్పు."

గోడ పట్టుకునే చెప్పాను. కడుపులో ముప్పావు భాగం కోసి తీసేశారని, ఇప్పుడు పిడికెడు కంటే పట్టదని.

అత్త చేయి నా వీపు మీద ఆగిపోయింది.

"నేను పెట్టిన తిండికే లావైతివని కోయించుకుంటివా?"

కాదని చెప్పాలి. కానీ ఆమెకు చెప్పకపోవడానికి కారణం అదే. ఆమె వంటను తప్పు పట్టినట్టు అవుతుందనే దాచాను. ఆమె లోపలికి పోయి గిన్నెల మీద మూతలు పెట్టేసింది. మా ఆయన ఏదో సర్దిచెప్పబోతే, "నువ్వూ దాచినావు గదా, పో నాయనా," అంది.

ఆ వారం నేను ఆమె ఇంటికి పోలేదు. స్టాఫ్ రూములో డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూసేదాన్ని. మళ్ళీ అట్లా ఇరుక్కుంటుందేమోనని భయం. నమిలిందే నమిలి, మింగడానికి వెనకాడేదాన్ని. డాక్టరు రమ్మంటే పోయి గొంతులోంచి గొట్టం వేయించుకున్నాను. దారి ఎక్కడా సన్నబడలేదని, తొందరపడి మింగడమే కారణమని చెప్పాడు. ఆ మాట విన్నాక కూడా నా మనసు కుదురుగా లేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అత్త బడి గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఏం తినమన్నాడు నీ డాక్టరు?"

చెప్పాను. మెత్తగా ఉండాలని, పప్పు, గుడ్డు, పెరుగు, అన్నీ కొంచెం కొంచెంగానని.

"హాస్టల్లో టైఫాయిడ్ పిల్లలకు అట్లనే చేసి పెడ్తాంటి. ఆ ముక్క ముందే చెప్పింటే నీ నోరు అరిగిపోతాండెనా? పా, పప్పు చల్లారిపోతాది."

చిన్న గిన్నెలో పప్పు. అందులో మిరపకాయ ఉంది. నేను తింటుంటే ఆమె నా కంచం వైపు చూడకుండా వాకిలి వైపు తిరిగి కూర్చుంది. ఆమెకది ఎంత కష్టమో నాకు తెలుసు. ముక్కు కారగానే చేయి కడిగేశాను. ఆమె గిన్నె తీసి లోపల పెట్టింది.

కానీ నాకు నెమ్మది మాత్రం రాలేదు. కొన్ని రోజులు రెండో ముద్దకే తుమ్ము వస్తుంది, కొన్ని రోజులు ఆరు ముద్దలు పడతాయి. ఎందుకో తెలియదు.

మొన్న గోస్పాడులో మా బంధువుల పెళ్ళి. నేనూ అత్తా పక్కపక్కన కూర్చున్నాం. వడ్డించే ఆయన అన్నం గరిటె ఎత్తాడు. అత్త నోరు తెరవబోయి నా వైపు చూసి ఆగింది.

"నాకు కడుపు ఆపరేషన్ అయిందన్నా. రెండు ముద్దలకు సరిపడా పెట్టండి చాలు," అన్నాను.

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఎదుటి వరుసలో ఎవరైనా తల తిప్పారేమోనని చూశాను. ఆయన సరేనని కొంచెం పెట్టి పక్క ఆకు దగ్గరికి పోయాడు. నా తిండి తొందరగానే అయిపోయింది. అందరూ ఇంకా పప్పులోనే ఉన్నారు. మధ్యలో లేచిపోకూడదని కూర్చున్నాను గానీ, ఆకు ముందు ఊరికే కూర్చోవడం నాకు ఇంకా చేతకాలేదు.