ముప్పై గెలుపులు, ఒక నీలం అంగి

తొమ్మిదేళ్లుగా నా బీరువాలో ఒక నీలం అంగి ఉంది. అది నాది కాదు. తూస్తే పావు కిలో కూడా ఉండదు. అయినా ఆ తలుపు తెరిచినప్పుడల్లా నా వీపు వంగుతుంది. మా వంశంలో వీపు వంగడం లేదు. కాబట్టి ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పక తప్పదు. మీరు నన్ను ఎరుగరు. నాకు కావలసింది అదే.

పేరు చెప్పను. చెబితే ఆదిలాబాద్ వైపు పాతవాళ్లు గుర్తుపడతారు. గుర్తుపట్టరేమోనన్న భయం అంతకంటే పెద్దది.

మా తాత ఆ వైపు ఒక ఊరికి దొర. పన్నెండు గుమ్మాల గడి ఉండేది. ఇప్పుడు అందులో జిన్నింగ్ మిల్లు వాళ్లు పత్తి బేళ్లు పెట్టుకుంటున్నారు. నా వరకు వచ్చినవి రెండు: తాత షేర్వాణీ, నిటారుగా కూర్చునే అలవాటు. కరీంనగర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ని. విద్యార్థులు నా వెనక ‘స్కేలు సార్’ అనుకునేవాళ్లు. నేను విననట్టు నడిచేవాణ్ని, ఇంకా నిటారుగా.

అప్పుడు వచ్చింది ఆ క్విజ్. ఊళ్లో కేబుల్ టీవీ వాళ్లు నడిపే కార్యక్రమం. గెలిచినవాడు ఓడిపోయేదాకా ఎర్ర మఖ్మల్ కుర్చీలో కూర్చోవాలి; వారానికొకరు వచ్చి అతన్ని దింపాలని చూస్తారు. ఆ కుర్చీ పెళ్లిళ్లకు అద్దెకిచ్చే టెంట్ హౌస్ వాళ్లది. దాని చేతుల మీద సింహం తలలు. ఒక సింహానికి ముక్కు లేదు. అయినా ఆ కుర్చీలో మొదటిసారి కూర్చున్న రోజు, ఇన్నేళ్లుగా ఎక్కడో పోగొట్టుకున్న వస్తువు చేతికి దొరికినట్టనిపించింది.

గెలుస్తూ పోయాను. పది వారాలు దాటేసరికి బస్టాండు దగ్గర చాయ్ హోటల్‌లో నన్ను ‘సార్’ అనడం మానేసి ‘దొరా’ అనసాగారు. వెక్కిరింపుగా కాదు. నేను జాగ్రత్తగా విని చూశాను, వెక్కిరింపు లేదు. దానికోసం నేను ఏమైనా చేస్తానని అప్పటికి నాకు తెలియదు.

చూసేవాళ్లకు తెలియనిది ఇంకొకటి ఉంది. నెలకు ఒక్క ఆదివారమే షూటింగ్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఐదు వారాల పోటీలు వరసగా తీసేసేవాళ్లు. అందుకని పోటీకొచ్చేవాళ్లు అంగీలు వెంట తెచ్చుకోవాలి. గెలిస్తే అంగి మార్చి మళ్లీ కూర్చోవాలి, వారం గడిచినట్టు. జనం దృష్టిలో నేను నెలల తరబడి ఏలాను. నిజానికి ఏలింది ఆరు ఆదివారాలు. నేను మాత్రం అంగి మార్చేవాణ్ని కాను. ప్రతి పోటీకీ అదే షేర్వాణీ. అది దొరతనం అని అందరూ అనుకున్నారు. టీవీలో కనిపించదగ్గ అంగి నాకు ఇంకొకటి లేదు.

ఆరో ఆదివారం, రెండో పోటీ గెలిచాను. అది ఇరవై ఏడో గెలుపు. చప్పట్లకు గర్వంగా ఛాతీ విరిచాను. వెనకనుంచి పర్రున ఒక శబ్దం. షేర్వాణీ మెడ నుంచి నడుము దాకా చీలిపోయింది. లోపల బనీను. ఆ బనీను సంగతి ఈ ఒప్పుకోలులో కూడా చెప్పను.

‘గిట్లయితే ఎట్ల దొరా?’ అన్నాడు కేబుల్ ఓనరు. ‘బనీను మీద కూసుంటవా ఏంది? ఇది జ్ఞానం ప్రోగ్రాం, కుస్తీ పోటీ గాదు.’

అప్పుడు తర్వాతి పోటీదారు లేచి వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి. పేరు మల్లేశం. మందమర్రిలో బొగ్గుబావి కార్మికుల కాలనీలో ఇస్త్రీ దుకాణం. నా వీపు మీది చీలికను రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు, డాక్టరు చూసినట్టు.

‘కుట్టు పోలే దొరా, బట్టనే పోయింది. పాతగైంది. మా తాత మీ గడి బట్టలే ఉతికిండు. దీన్ని గూడ ఆయన ఉతికే ఉంటడు.’ అని, తన సంచిలోంచి ఐదు ఇస్త్రీ అంగీలు తీసి బల్ల మీద పరిచాడు. అన్నింట్లోకీ మంచిదైన నీలం అంగిని నా ముందుకు తోశాడు. ‘జర ఇది ఏస్కోండ్రి. మీ మొఖానికి మంచిగుంటది.’

మా బట్టలు ఉతికిన ఇంటి బట్ట నా ఒంటి మీదికి వస్తోంది. వద్దనాలి. వద్దంటే బనీను. తీసుకున్నాను. కృతజ్ఞతలు చెప్పానా? లేదు. తల ఊపాను. మా ఇంట్లో అలాగే చేసేవాళ్లు.

తెర వెనక గుండీలు పెట్టుకుంటుంటే జేబులో ఏదో గరగరలాడింది. తీశాను. నోటుబుక్కులోంచి చింపిన కాగితం, ఆడపిల్ల గుండ్రటి రాత:

‘బాపు, నువ్వు ఎప్పుడూ తప్పు చెప్పేటివి ఇవి. కుంతల జలపాతం – కడెం వాగు. పెన్‌గంగ కాదు బాపు! పెద్దమనిషి ఒంట్లో బొక్కలు – 206. ఆగం గాకు. నీకు అన్నీ అస్తయ్.’

పరాయి జేబులోని కాగితం చదవకూడదని నాకు తెలియదా? తెలుసు. కానీ అది పరాయి జేబేనా? అప్పటికి అంగి నా ఒంటి మీద ఉంది, జేబు నా గుండె మీద ఉంది. అలాంటప్పుడు కాగితం ఎవరిది? ఇలాంటి వాదనలే మా ఇంట్లో భూముల గురించి నడిచేవని తర్వాత గుర్తొచ్చింది. కాగితం మడిచి మళ్లీ జేబులోనే పెట్టాను. తిరిగి ఇవ్వడానికి నాలుగడుగులు వేస్తే చాలు. ఆ నాలుగడుగులు వేయలేదు.

మల్లేశం మామూలు మనిషి కాడు. ఇస్త్రీ బట్టలు చుట్టే పాత పేపర్లన్నీ చదివి చదివి అతని తల నిండిపోయింది. సగం సగమే, అంతే తేడా. ఒక ప్రశ్నకు నిజాయితీగా చెప్పాడు: ‘గా ముచ్చట సదివిన సార్. కని కిందిసగం కాయితం ఒక ఇంజనీరు ప్యాంటుతోని పోయింది.’ అందరూ నవ్వారు. అయినా చివరి ప్రశ్నకు వచ్చేసరికి ఇద్దరం సమానంగా ఉన్నాం. ముందుగా గంట కొట్టినవాడు జవాబు చెప్పాలి. తప్పయితే అవకాశం రెండోవాడికి.

‘కుంతల జలపాతం ఏ నది మీద ఉంది?’

మీరు నమ్మరు. ఆ జలపాతం మా తాత వేటకు పోయిన చోటు. చిన్నప్పుడు నన్ను అక్కడికి ఎత్తుకుపోయారు. అయినా ఆ నీటి పేరు నాకు తెలియదు. మా ఇంట్లో దాన్ని ‘మన వాగు’ అనేవాళ్లు. కొండను ‘మన గుట్ట’, అడవిని ‘మన జంగల్’ అనేవాళ్లు. అన్నీ మనవే అయినప్పుడు పేర్లెందుకు? చిట్టి చదవకపోతే నేను ఏం చెప్పేవాణ్ని? ‘మన వాగు’ అని చెప్పలేను కదా.

మల్లేశం ముందు గంట కొట్టాడు. అతని చేయి జేబు మీదికి పోయింది. కాపీ కొట్టడానికి కాదు, ఆ మనిషి కాపీ కొట్టడు. బిడ్డ రాసిచ్చిన కాగితాన్ని తాకి ధైర్యం తెచ్చుకుందామని. వేళ్లు తడిమాయి. అతని ఒంటి మీద ఉన్నది తెల్లంగి. జేబు ఖాళీ. మొహం తెల్లబోయింది. ఆగమయ్యాడు.

‘పెన్‌గంగ’ అన్నాడు.

తప్పన్నారు. నా వంతు వచ్చింది.

నేను తొందరపడలేదు. ఆ విషయం చెప్పడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. కళ్లు మూసుకున్నాను, ఆలోచిస్తున్నట్టు. సింహం ముక్కు దగ్గర వేలితో తాళం వేశాను. అప్పుడు, ఏదో పూర్వస్మృతిలోంచి లాగినట్టు, ‘కడెం’ అన్నాను.

పోటీ అయ్యాక మల్లేశం నా దగ్గరికి వచ్చాడు. ఓడినందుకు కోపం లేదు. గొంతు మాత్రం తగ్గించి అడిగాడు.

‘దొరా, గా అంగి జేబుల ఒక చిట్టి ఉండెనా? మా శ్రావణి రాసిచ్చింది.’

చిట్టి అప్పుడు నా గుండె మీదే ఉంది. ఊపిరి పీలిస్తే చప్పుడవుతుందని ఊపిరి ఆపాను.

‘లేకుండె’ అన్నాను.

‘అయితె ఇంట్లనే మర్సిన కావచ్చు. గా చిట్టిలనే రాసింది దొరా, పెన్‌గంగ గాదు బాపు అని. ఇప్పుడు ఇంటికి పోతే నన్ను బతకనియ్యది.’ నవ్వాడు. ‘అంగి మీ దగ్గర్నే ఉంచుకోండ్రి. షేర్వాణీ ఇయ్యిండ్రి, రఫు చేయించి తెస్త. మా తాత చేతి బట్ట, ఖరాబు గానియ్యద్దు.’

ఇచ్చాను. మిగతా రెండు పోటీలూ ఆ నీలం అంగిలోనే గెలిచాను. ముప్పై.

నెల తర్వాత ఆదివారం. మళ్లీ అదే అంగి వేసుకున్నాను. షేర్వాణీ ఇంకా రాలేదు, అది ఒక కారణం. అంగి కలిసొస్తోందన్న నమ్మకం ఇంకో కారణం. ఆలోచిస్తే అంతకంటే నీచమైనది లేదు. చిట్టి కూడా జేబులోనే ఉంది. కొత్త పోటీదారు వచ్చి కూర్చుంది. రెండు జడల ఇంటర్ పిల్ల. పేరు శ్రావణి. ఊరు మందమర్రి. వెనక వరసలో మల్లేశం, ఒళ్లో పేపర్లో చుట్టిన మూటతో.

ఆ పిల్ల ముందు అంగిని చూసింది. తర్వాత జేబును చూసింది. తర్వాత నన్ను.

ఆ పూట ఇద్దరం దెబ్బకు దెబ్బగా సాగాం. చివరి ప్రశ్న: ‘పెన్‌గంగ ఏ నదిలో కలుస్తుంది?’ వార్ధా. నాకు తెలుసు. ఇరవయ్యేళ్లుగా పాఠం చెప్తున్నాను, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ముందుగా గంట కొట్టాను. నోరు తెరిచాను.

‘కడెం’ అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నెల రోజులుగా ఆ మాట నా నోట్లో కూర్చుని తన వంతు కోసం చూస్తోందేమో. శ్రావణి తల తిప్పి నన్ను చూసింది, పరీక్షలో పక్కవాడు తన పేపర్లోకి తొంగి చూశాడని పసిగట్టినట్టు. ఒక్క క్షణమే. తర్వాత ‘వార్ధా’ అంది. నేను కుర్చీ దిగాను. దిగేటప్పుడు కూడా నిటారుగానే దిగాను.

ఇంతటితో అయిపోయి ఉంటే దీన్ని మోయగలిగేవాణ్ని. కానీ ఆ జవాబును ఎవరూ నమ్మలేదు. చరిత్ర సారుకు పెన్‌గంగ తెలియదా? కావాలనే ఓడాడు. ఆడపిల్ల కోసం కుర్చీ వదిలేశాడు. చాయ్ హోటల్‌లో ఒకాయన నా చేతులు పట్టుకుని, ‘దొరతనం అంటే గిది’ అన్నాడు. నేను కాదన్నానా? లేదు. ఏదో దాచుకుంటున్నట్టు కళ్లు దించుకున్నాను. దాచుకుంటున్న మాట నిజమే కదా.

అంతకంటే ముందు, కుర్చీ దిగిన రోజునే, మల్లేశం మూట విప్పి షేర్వాణీ చేతిలో పెట్టాడు. రఫు ఎక్కడ చేశారో వెతికినా కనబడలేదు.

‘మా బిడ్డ కోసం ఇడిసిపెట్టిండ్రు. నాకు తెల్వదా?’ అన్నాడు. తర్వాత జేబులోంచి చిన్న పొట్లం తీసి ఇచ్చాడు. ‘ఇగో, ఇది మీ షేర్వాణీ జేబుల ఉండె. జేబుల దొరికింది ఏదైనా తిరిగిచ్చుడు మా దుకాణం రివాజు. గుండుసూదైనా సరే.’

పొట్లం విప్పాను. సగం కొరికిన పల్లిపట్టి. పోటీకి పోటీకి మధ్య చాటుగా తినేవాణ్ని. నెల రోజులు భద్రంగా దాచాడు, చీమ పట్టకుండా.

అప్పుడే చిట్టి తీసి ఇచ్చి ఉండాల్సింది. నా వేళ్లు జేబు దాకా వెళ్లాయి కూడా. గుండె పట్టుకున్నాననుకుని మల్లేశం, ‘ఫికర్ జెయ్యకుండ్రి దొరా’ అన్నాడు.

శ్రావణి పద్నాలుగు వారాలు ఆ కుర్చీలో కూర్చుంది. అన్నీ చూశాను. ఆ తర్వాత కార్యక్రమం ఆగిపోయింది. కుర్చీ పెళ్లిళ్లకు తిరిగిపోయింది. ఆ పిల్లకు తెలుసో తెలియదో నాకు తెలియదు. ఏటా మల్లేశం కొండగట్టుకు పోతూ కరీంనగర్‌లో దిగుతాడు. వెంట వచ్చిన చుట్టాలను నా గుమ్మం ముందు నిలబెట్టి చూపిస్తాడు: ‘గీ దొరనే మా బిడ్డకు కుర్సీ ఇడిసిపెట్టింది.’ వాళ్లు దండం పెడతారు. నేను నిటారుగా నిలబడి ఆ దండాలు తీసుకుంటాను. అంజన్నకు పెట్టకముందే నాకు పెడుతున్నారు.

ఈ ఒప్పుకోలు అచ్చయిన కాగితం మల్లేశం చేతికి చేరితే ఏమవుతుంది? ‘దొర’ అనే మాట పోతుంది. అది పోతే నాలో ఏం మిగులుతుందో నాకు తెలియదు. ఇస్త్రీ బట్టలు పాత పేపర్లలో చుట్టే మనిషి కాబట్టి, ఏదో ఒక రోజు, ఎవరి ప్యాంటుతోనో పోకముందు, ఇది అతని కంట పడుతుందనే అనుకుంటున్నాను. సగం మాత్రమే పడితే, కిందిసగమే పడాలి.

గడువు దాటాక చెప్పిన జవాబుకు మార్కులు ఉండవు. ముప్పై వారాలు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని, నాకు తెలుసు. మార్కుల కోసం కాదు. నువ్వు అడిగావు, నేను తప్పు చెప్పాను, అందుకు.

ఉండె, మల్లేశం. జేబుల చిట్టి ఉండె.