ఓర్ఫా బాగానే ఉందని తేల్చిన ఫోను

లిక్‌ఫోర్క్ బడిలో చదివిన వాళ్లను ఎవరినైనా అడిగి చూడండి. పాఠాలు మరిచిపోయి ఉంటారు గాని, ఓర్ఫా స్టిధమ్ చేతి మొక్కజొన్న రొట్టెను మరిచిపోయి ఉండరు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. గిన్నెలు కడగడానికి చేరి, ఆ వంటశాలకే పెద్ద అయింది. రాష్ట్ర రాజధాని నుంచి తనిఖీకి వచ్చిన అధికారి పుస్తకం మూసి పక్కన పెట్టి రెండోసారి వడ్డించుకున్నాడు. ఏరు పొంగి లోయ లోయంతా మునిగిన ఏడు, బడి మెట్ల మీద గ్యాసు పొయ్యిలు పెట్టించి, ఇళ్లు పోయిన జనానికి నెల పైగా మూడు పూటలా వండి పెట్టింది ఆవిడే. జిల్లా సంతలో ఆవిడ ఎండు ఆపిల్ పొరల కేకు ఎన్నిసార్లు మొదటి బహుమతి నీలి రిబ్బను గెలిచిందంటే, చివరికి మిగతా ఆడవాళ్లు ఆ పోటీకి కేకులు తేవడమే మానేశారు. కెంటకీ కొండల్లో ఇంతకంటే పెద్ద పేరు ఇంకేం కావాలి?

ఇంకొక సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. రెండో బిడ్డ పుట్టిన తరువాత ఓర్ఫా గోడ వైపు తిరిగి పడుకుంది. పడుకున్న మనిషి లేవలేదు. ఆ తరువాత చాలా ఏళ్లు ఆ చీకటి వస్తూ పోతూ ఉండేది. డాక్టర్లు మాత్రలు మార్చి మార్చి, ఎట్టకేలకు ఒక మాత్ర దగ్గర ఆగారు. ఆ మాత్రతోపాటు, మంగళవారం మంగళవారం డెల్ఫీన్ క్రేస్ అనే కౌన్సెలరు దగ్గర గంటసేపు కూర్చుని మాట్లాడటం. ఆ రెండూ ఉన్నన్నాళ్లూ ఓర్ఫా మనిషిగా నిలబడింది. పైన చెప్పిన గొప్పలన్నీ దాదాపు ఆ కాలంలోవే.

పోయిన వేసవిలో బడివాళ్లు ఇన్సూరెన్స్ కంపెనీని మార్చారు. కొత్త కంపెనీ ఆ మాత్రకు ఒప్పుకోలేదు. ముందు చవకవి రెండు వాడి చూడాలట, అవి పనిచేయలేదని రుజువైతేనే ఇదట. ఆ రెండూ ఓర్ఫా వయసులో ఉన్నప్పుడే వాడి వదిలేసినవి. ఆ సంగతి రాసి ఉన్న కాగితాలు పాత ఆసుపత్రితో పాటే వరదలో కొట్టుకుపోయాయి. కాబట్టి మళ్లీ మొదలు. మొదటి మాత్రకు చేతులు వణికి, పిల్లల ముందు గరిటె జారిపోయింది. రెండోదానికి తల తడిసిన దుప్పటిలా బరువెక్కి, బడికి సెలవు పెట్టాల్సి వచ్చింది. ఆ బరువు కిందనే పాత చీకటి మెల్లగా తిరిగొచ్చింది. అదే సమయంలో, మంగళవారాలకు కూడా ఇక డబ్బు కట్టేది లేదంది కంపెనీ. పేషెంటు నిలకడగా ఉందట, అవసరం లేదట.

ఓర్ఫా డాక్టరు రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాక మిగిలింది ఒక్క దారి, ఆఖరి అప్పీలు. కంపెనీ తరఫు డాక్టరు ఫోనులో పేషెంటు నోటినుంచే విని తేలుస్తాడు. అదీ పోతే మాత్రా లేదు, మంగళవారమూ లేదు.

చివరి మంగళవారం డెల్ఫీన్ కుర్చీ ముందుకు జరుపుకుని, "ఓర్ఫా గారూ, ఫోనులో ఏం చెబుతారో నాకొకసారి చెప్పండి చూద్దాం" అంది.

"ఉన్నదే చెబుతా."

"ఏది ఉన్నది? చూడండి, మీరు చేసిన పనులు వాళ్లకొద్దు. చేయలేకపోతున్నవి చెప్పండి. మంచం దిగలేని రోజు ఎలా ఉంటుందో చెప్పండి."

"ముక్కూ మొహం తెలియని మగాడికి నా మంచం సంగతులా? మా అమ్మ ఉంటే చెప్పు తీసుకునేది" అని నవ్వింది ఓర్ఫా. డెల్ఫీన్ నవ్వలేదు.

ఫోను వచ్చే రోజు పొద్దున వర్నిస్ వంటింట్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన ఓర్ఫా భర్త. బొగ్గు గనిలో కరెంటు పని చేసి చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వారం రోజులుగా ఒంటి మీద నీళ్లు పోసుకోని పెళ్లాం, తలంటుకుని, చర్చికి వేసుకెళ్లే నీలం గౌను తొడుక్కుని, చెవులకు ముత్యాలు పెట్టుకుని, బల్ల ముందు నిటారుగా కూర్చుని ఉంది.

"ఫోనులోంచి లిప్‌స్టిక్ కనబడుతుందటే?" అన్నాడు.

"నీకు తెలియదులే, నోరు మూసుకో. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఎలా కూర్చోవాలో నాకు తెలుసు."

మొదట ఆయనకు సంతోషమేసింది. కాఫీ పోసుకుంటుండగా భయం మొదలైంది. ఆ ముస్తాబు జబ్బు చెప్పుకోవడానికి చేసుకున్నది కాదు.

ఫోను మోగింది. ఓర్ఫా స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. అవతలి డాక్టరు గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. "మీ గురించి కొంచెం చెప్పండి మేడమ్. రోజువారీ పనులు ఎలా సాగుతున్నాయి?"

ఆ కొండల్లో ఒకరి దగ్గర సాయం అడగాలంటే ముందు నువ్వెవరో చెప్పుకోవాలి. ఎవరి బిడ్డవు, ఏం చేశావు, ఎవరికి అన్నం పెట్టావు, అవన్నీ చెప్పాక అడగాలి. వస్తూనే చెయ్యి చాచేవాడు సోమరిపోతు. ఓర్ఫా అట్లాగే మొదలుపెట్టింది. గిన్నెలు కడిగిన రోజు నుంచి, తనిఖీ అధికారి రెండో వడ్డన దాకా, వరద దాకా, నీలి రిబ్బన్ల దాకా. గొంతు గట్టిపడింది. నెలల తరువాత ఆ గొంతు విన్నాడు వర్నిస్.

"ఇంట్లో వంట మీరే చేస్తారా?"

"అదేం మాట డాక్టరు గారూ? బీన్సు అరవై సీసాలు నిలవ పెట్టాను, ఒక్క మూత కూడా లీకవలేదు."

పెట్టింది పోయిన వేసవి. ఈ వేసవి బీన్సు కోసే దిక్కులేక తీగ మీదే ఎండిపోయాయి.

"నిద్ర?"

"తెల్లారకముందే లేచే ప్రాణం నాది."

"బతకాలని లేకపోవడం, అలాంటి ఆలోచనలు ఏమైనా?"

ఓర్ఫా వెన్ను ఇంకా నిటారైంది. "అటువంటివి మా వంశంలోనే లేవు."

"చాలా సంతోషం. నిజం చెప్పాలంటే, మీ వయసులో ఇంత నిబ్బరంగా ఉన్నవాళ్లను నేను తక్కువగా చూశాను మేడమ్."

ఓర్ఫా మొహం వెలిగింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. "అంతా మీ అభిమానం" అంది.

"బాబూ, ఆగండి ఆగండి!" బల్ల మీదకు వంగాడు వర్నిస్. "ఆవిడ చెప్పేది పాత కథ. రోజంతా గోడ వైపు తిరిగి పడుకుంటోంది. తిండి నేను నోట్లో పెడుతున్నా. వేట తుపాకీ ఇంట్లో ఉంచడానికి భయమేసి మా తమ్ముడింట్లో పెట్టొచ్చా. అబద్ధమైతే నన్ను..." దగ్గు తెర వచ్చి మాట మింగేసింది.

"మేడమ్, మీవారు చెప్పింది నిజమేనా?"

ఓర్ఫా భర్త వైపు చూసింది. నిండు చర్చిలో అందరి ముందూ ఒంటి మీద బట్ట లాగేసిన వాడిని చూసినట్టు చూసింది.

"ఆయనకు ఊపిరి ఆడదు డాక్టరు గారూ. ఏదో ఒకటి అంటుంటారు. పట్టించుకోకండి."

ఇవాళే నిర్ణయం రాసి పంపిస్తామని చెప్పి డాక్టరు ఫోను పెట్టేశాడు.

వర్నిస్ గోడ పట్టుకుని వరండాలోకి పోయాడు. ఓర్ఫా చెవుల ముత్యాలు తీసింది. ఎక్కడ పెట్టాలో తెలియక అరచేతిలోనే పట్టుకుని కూర్చుంది. పొగడ్త ఇచ్చిన వేడి కాస్తా ఒంట్లోంచి జారిపోయింది. లేచి వరండా గుమ్మంలో నిలబడింది.

"చివర్న ఏమన్నాడు ఆ డాక్టరు?"

"బాగానే ఉన్నావన్నాడు."

"ఉన్నానా?"

"నన్నడుగుతావేమే? నాకు ఊపిరాడదు, ఏదో ఒకటి అంటుంటాను గదా."

ఆ మాటకు ఓర్ఫా గడప మీదే కూలబడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆవిడ నోట ఎన్నడూ వినని మాట అప్పుడు విన్నాడు.

"నా వల్ల కావడం లేదు, వర్నిస్."

ఆయన కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు. చెయ్యి మాత్రం చాచి ఆవిడ తల మీద పెట్టాడు. "నాకు తెలుసే. నాకు చెబితే ఏం లాభం? వాళ్లకు చెప్పు. వాళ్లు ఇంకా రాసి ఉండరు. పద."

కంపెనీ నంబరు పట్టడం తేలిక కాలేదు. దీనికి ఒకటి నొక్కు, దానికి రెండు నొక్కు అంటూ మర మాట్లాడింది. ఏది నొక్కినా అదే పాట. ఒకసారి లైను తెగిపోయింది. ఓర్ఫా వద్దులే అని ఫోను బల్ల మీద పడేస్తే, వర్నిస్ తీసి మళ్లీ నొక్కాడు. ఆవిడ ఆపబోయి చెయ్యి లాగితే ఆయన ఫోను వదల్లేదు. ఆ నీలం గౌను చెమటకు వీపుకు అంటుకుపోయింది.

చివరికి ఒక అమ్మాయి పలికింది. పేరు టియారా అంది. పుట్టిన తేదీ అడిగింది. "ఏ విషయం గురించి చేశారమ్మా?"

"నేను లిక్‌ఫోర్క్ బడి వంటశాలలో..." అని మొదలుపెట్టి ఓర్ఫా ఆగింది.

"పొద్దున మీ డాక్టరుకు అబద్ధం చెప్పాను" అంది ఓర్ఫా. "ఏదీ చేయడం లేదు నేను. పొయ్యి ముందు నిలబడితే దాన్ని ఎలా వెలిగించాలో తట్టదు. స్నానానికి మా ఆయన నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్తాడు, పాపం ఆయనకే ఊపిరాడదు. పోయిన మంగళవారం ఇంటికొస్తూ దారిలో కారాపాను. ఇంటికెందుకు పోవాలో గుర్తు రాలేదు. వెనకనుంచి ఎవరో హారన్ కొడితే కదిలాను. రోజూ పొద్దున కళ్లు తెరవగానే, ఎందుకు తెల్లారింది దేవుడా అనిపిస్తోంది. రెండు మాత్రలూ వాడాను. పనిచేయలేదు. అబద్ధం కాదు తల్లీ, పనిచేయలేదు."

అవతల మీటలు నొక్కే చప్పుడు ఆగిపోయింది. "అమ్మా, ఫోను పెట్టేయకండి. ఇప్పుడు మీ దగ్గర ఎవరున్నారు?"

"మా ఆయన."

"పక్కనే ఉండమనండి. మా నర్సును లైన్లోకి పిలుస్తున్నాను. మీరు చెప్పిందంతా రికార్డయింది, దాన్ని మీ అప్పీలుకు జతచేస్తాను. వాళ్లు ఏం తేలుస్తారో మాత్రం నేను చెప్పలేనమ్మా. నా చేతిలో లేదు."

"తెలుసులే."

"నర్సు వచ్చేదాకా నేను ఉంటాను."

"నీకు వేరే పనుల్లేవా తల్లీ?"

"ఇదే పనమ్మా. ఇంకా ఏమైనా చెప్పాలా?"

ఓర్ఫా మొహం తుడుచుకుంది. లిప్‌స్టిక్ చెంప దాకా పులుముకుంది.

"చాలా ఉంది" అంది.

వర్నిస్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.