రబ్బరు రింగు మీద నూనె మరక

పొద్దున్న బాబుకి ఒళ్ళంతా నూనె రాసి ఆ చేత్తోనే కుక్కరు మూత పట్టుకున్నాను. దాని రబ్బరు గాస్కెట్ మీద నా వేలిముద్ర మెరిసింది. "నూనె తగిల్తే ఏటౌతాదే, మెత్తగుంటాది" అని అత్తయ్యగారు నవ్వేశారు గాని, నేను దాన్ని మూడుసార్లు సబ్బుతో కడిగి ఎండకి పట్టి చూసుకున్నాను. ఇప్పుడు బాబు నిద్రపోయాడు. ఊపిరి సరిగ్గా తీస్తున్నాడా అని రెండుసార్లు వంగి చూసొచ్చి, ఉద్యోగం చేసి మానేసిన నా ఈడు వాళ్ళకైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

ఆరేడేళ్ళ కిందట, డెబ్బైల చివర్లో, ఎమ్మెస్సీ అయ్యాక, విశాఖపట్నంలో ఒక లేబొరేటరీలో చేరాను. అక్కడి మాస్ స్పెక్ట్రోమీటర్ అణువుల్ని బరువు ప్రకారం వేరుచేసి చూపే యంత్రం. దాని లోపల గాలి దాదాపు లేకుండా పంపులు తోడెయ్యాలి. ఆ వాక్యూమ్ ఎంతుందో గంటకోసారి మీటరు ముల్లు చూసి పుస్తకంలో రాయడం నా పని. పంపులు చూసుకునే మెకానిక్‌ది నాతవరం. నాది ఆ పక్కనే ఉన్న నర్సీపట్నం అనగానే మనూరి పిల్లేనన్నాడు, ఆ రోజు నుంచీ నాకు బాబాయే.

ఒకసారి బాబాయికి సాయంగా, యంత్రం అతుకులో గాలి దూరకుండా వేసే రబ్బరు రింగు మారుస్తుంటే జడ ముందుకి పడింది. వెనక్కి తోసుకుని, తొడుగు లేని ఆ చేత్తోనే రింగుని గాడిలో నొక్కేశాను. కొబ్బరినూనె చెయ్యి. లోపల నూనె ఉంటే అది ఆవిరవుతూనే ఉంటుంది, పంపు ఎంత తోడినా ముల్లు దిగదు. బాబాయి మూడు రోజులు అన్నం వేళ కూడా మర్చిపోయి, ఎక్కడో గాలి దూరుతోందని ప్రతి అతుకు మీదా స్పిరిట్ అద్దుతూ, ముల్లు కదుల్తుందేమో చూస్తూ వెతికాడు. నాకు రెండోరోజుకే అర్థమైంది. అయినా, ఆడపిల్లలకి యంత్రాలు అప్పగిస్తే ఇంతేనని చేరిన రోజే అన్న మా ఆఫీసరు గుర్తొచ్చి, నోరు మూసుకుని అంకెలు రాస్తూ కూర్చున్నాను.

మూడోరోజు విప్పితే మరక కనిపించింది. బాబాయి రింగుని చూశాడు, నా జడని చూశాడు. ఆఫీసరు కేకలేస్తుంటే, "గ్రీజు నేనే ఎక్కువెట్టీసేను బాబూ, కళ్ళు ఆనలేదు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. కళ్ళు ఆనని మనిషని ఆయన్ని స్టోరుకి మార్చేశారు. వెళ్తూ నాతో అన్నది ఒకటే: "రేపట్నుండి జడ మడిసి కట్టుకో తల్లీ."

రెండేళ్ళకి పెళ్ళయి, రాజీనామా రాసిచ్చి నర్సీపట్నంలోనే అత్తారింటికి వచ్చేశాను. ఆయన తన పని పోగొట్టుకుని కాపాడిన ఉద్యోగం నా చేతిలో నిలిచింది ఆ రెండేళ్ళే.

పోయిన నెల ఇక్కడి బస్టాండులో బాబునెత్తుకుని ఉంటే, నాతవరం బస్సెక్కబోతూ బాబాయి ఆగాడు. రిటైరయ్యాడట. బాబు బుగ్గ తాకి, "ఇంకా ఆ మిషనే సూత్తన్నావేటి తల్లీ?" అన్నాడు. ఆ కళ్ళలో ఎంత ఆశో. అవును బాబాయ్, సెలవు మీదొచ్చానన్నాను. సంతోషంగా బస్సెక్కాడు.

ఇప్పుడా మీటర్లకి ముళ్ళుండవట, అంకెలు వాటంతటవే కనిపిస్తాయట. నేను మాత్రం రోజుకి పదిసార్లు చేతులు కడుక్కుంటాను. పిల్లాడి కోసం అనుకుంటారు ఇంట్లో.