కుండల్లో బిగించిన కారు స్పీకర్లు

మొన్న మా అల్లుడు కారులో కొత్త స్పీకర్లు పెట్టించుకుని, పాతవాటిని ఖమ్మంలోని మా వరండాలో వదిలి వెళ్ళాడు. వాటి నల్లటి అట్టను వేలితో నొక్కి చూస్తుంటే, దుమ్ముగూడెం వైపు నేను కొత్తగా ఉద్యోగం చేస్తున్న రోజుల్లోని ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఏ రోజు సంగతి ఆ రోజు వివరంగా రాసుకునే నేను, ఆనాడు డైరీలో రాసింది ‘అందరూ క్షేమం’ అని మాత్రమే.

మా అక్కావాళ్ళది అక్కడే అడవి అంచు పల్లె. బావ జీపు నడిపేవాడు, పాటలంటే ప్రాణం. దుకాణంలో అమ్మే పెద్ద స్పీకర్ పెట్టెలు మన తరంలో ఎందరికి అందేవి గనుక! తుక్కుకు పోయిన కార్లలోంచి స్పీకర్లు ఊడదీసి, మట్టికుండ మూతిలో బిగించి, సందుల్లో మైనం పూసి, జీపు బ్యాటరీకి ఆంప్లిఫైయర్ తగిలించి వాయించేవాళ్ళం. కుండ ఎంత పెద్దదైతే మోత అంతగా గుండెల్లోకి దిగేది. బావ కుమ్మరి ఇంట కూర్చుని మరీ చేయించుకున్న రెండు పెద్ద కుండలకు వైర్లు అతికింది నేనే.

ఆ సాయంత్రం అక్క మరో ఇద్దరు ఆడవాళ్ళతో వాగవతలి మిరప నారుమడిలో ఉంది. నేను వాళ్ళింటి దగ్గరున్నాను. చినుకు లేదు. బావ భద్రాచలం నుంచి జీపు ఉరికించుకుంటూ వచ్చి, గోదావరి పొంగి వాగులోకి ఎదురెక్కుతోందని చెప్పాడు. వాళ్ళు రోజూ ఇల్లు చేరే గట్టుదారిలో, కింది మలుపు దగ్గర వాగు దాటించే చప్టా అప్పటికే మునిగింది. చేలోంచి ఆ మలుపు కనిపించదు. అటు దిగారంటే ముందూ వెనకా నీళ్ళు కమ్మేస్తాయి. వెనక ఉన్న గుట్ట ఎక్కితేనే బతుకుతారు.

అరిస్తే అందే దూరం కాదు. కుండలు జీపు బానెట్ మీదికి ఎక్కించి వాగొడ్డుకు చేరాక, బావ ఆంప్లిఫైయర్ మైకు నా చేతికిచ్చాడు. నేను దిగవద్దని అరిచిన ప్రతి మాటా కుండలో సుడి తిరిగి ఉత్త గుమ్‌గుమ్ మోతై వాగు దాటింది. అక్క నడుము నిలబెట్టి చూసి, కొత్త కుండల గొప్ప చూపిస్తున్నామనుకుందో ఏమో, చెయ్యి ఊపి, గంప నెత్తిన పెట్టుకుని గట్టుదారి పట్టింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే.

“బావా, వాళ్ళు దిగుతున్నరు!”

“కుండ మాటను మింగుతాంది బామ్మర్దీ!” అంటూనే బావ ఒక కుండ వైరు పీకేసి, రెండో కుండను పానాతో బద్దలు కొట్టి, వైర్లకు వేలాడుతున్న స్పీకరును పెట్రోలు పోసే రేకు గరాటుకు అదిమిపట్టి, అటువైపు తిప్పాడు. “ఇగ చెప్పు. ఒక్కొక్క మాట.”

“అక్కా! దిగకు! గుట్టెక్కు!”

సన్నగా, గీరుకుపోతూ వెళ్ళింది నా గొంతు. అక్క ఆగింది. కదలదు. నేను మళ్ళీ అరిచాను, మళ్ళీ. ఆమె కాళ్ళ కిందుగా దారి మీద నీళ్ళు తళుక్కుమనడం ముందు మేమే చూశాం. అప్పుడు గంప విసిరేసి, ఆ ఇద్దరి చేతులూ పట్టి లాక్కుంటూ గుట్టవైపు పరుగెత్తింది. చీకటి పడేసరికి గట్టుదారి ఆనవాలు లేదు.

మర్నాడు చుట్టుదారిన ఇల్లు చేరిన అక్క, నన్ను చూడగానే, “కుండలకెల్లి పులి లెక్క గర్జించినవ్, ఏం సమజ్ కాలే. మేక లెక్క అరిచినవ్ సూడు, గప్పుడు తెలిసింది నువ్వేనని, తమ్మీ” అని నవ్వబోయి, బావ భుజం మీద పడి ఏడ్చింది.

ఇప్పుడు గోదావరి పెరిగితే ఫోను దానంతటదే మోగి అందరికీ ఒకే హెచ్చరిక వినిపిస్తుంది. మంచిదే, ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో! కాదనను. అయినా అది మోగినప్పుడల్లా, మన కోసమే భయపడి, మనల్ని అక్కా, తమ్మీ అని వరస పెట్టి పిలిచే ఒక వణుకు గొంతు కోసం నా చెవులు వెతుక్కుంటూనే ఉంటాయి.