మిరప బస్తాల వెనక పీల్చిన మందు

2008 వేసవి. విజయవాడలో గుండె ఆపరేషన్లు చేసే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పర్ఫ్యూజనిస్ట్‌గా పనిచేస్తున్నాను. ఆపరేషన్ సాగినంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రాన్ని నడపడం మా ఉద్యోగం. ఆ రోజు రెండు బైపాస్‌లు ముగించి ఇంటికి బయల్దేరబోతుంటే ఐసీయూ నుంచి కబురొచ్చింది.

పేషెంటు సుబ్బారావు గారు, జగ్గయ్యపేటలో ఎండుమిర్చి హోల్‌సేల్ వ్యాపారి. నలభై దాటలేదు. కొట్లో ఉబ్బసం తిరగబెట్టి, నందిగామ చేరేసరికి స్పృహ పోయింది. అక్కడి డాక్టరు గొంతులో ట్యూబు వేసి మా దగ్గరికి పంపారు. ఉబ్బసం ముదిరితే లోపలికెళ్ళిన గాలి బయటికి రాదు. వెంటిలేటర్‌తో గట్టిగా నెడితే ఊపిరితిత్తి పగలొచ్చు. నెమ్మదిగా నడిపితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్, మా మాటల్లో సీఓటూ, పేరుకుంటుంది. ఆయనకి అది పేరుకుని బీపీ పడిపోతోంది.

ఐసీయూ డాక్టరు మేడమ్ అడిగారు. "నీ ఆక్సిజనేటర్‌తో సీఓటూ ఒక్కటీ తీసెయ్యగలవా?"

ఆక్సిజనేటర్ అంటే సన్నటి బోలు దారాల కట్ట. దారాల బయట రక్తం, లోపల గ్యాసు నడుస్తాయి. రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ దారం గోడ దాటి గ్యాసులో కలిసి పోతుంది.

"తీయొచ్చు మేడమ్. కానీ ఇది ఆపరేషన్ నడిచే కాసిన్ని గంటల కోసం చేసింది. రోజుల తరబడి నడిపితే రక్తం గడ్డకట్టొచ్చు. గడ్డకట్టకుండా మందిస్తే ఎక్కడైనా కారొచ్చు."

"పెట్టకపోతే?"

ఇంటివాళ్ళకి చెప్పడానికి బయటికొచ్చాను.

ఆయన భార్య నాగమణి గారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. యంత్రం సంగతి, దాని ప్రమాదాలు చెప్పాను. "బాబూ, ఆ మిషను ఆయన బదులు ఊపిరి పీలుస్తుందా?"

"లేదండి. ఆయన వదల్లేకపోతున్నదాన్ని ఇది వదుల్తుంది. మందులు పట్టేదాకా ఊపిరితిత్తులకి తెరిపి."

"బతుకుతారా?"

"చెప్పలేనండి."

"అబద్ధమైనా చెప్పవేం బాబూ" అన్నారు. ఐసీయూ తలుపు వైపు చూసి, "సరే, పెట్టండి."

తొడ దగ్గరి సిర నుంచి రక్తం తీసి, ఆక్సిజనేటర్ గుండా పంపి, మెడలోని సిరకి తిరిగి ఇచ్చాం. గ్యాసు నెమ్మదిగా పెంచాను. సీఓటూ హఠాత్తుగా పడితే మెదడుకి మంచిది కాదు. తర్వాత రెండు రోజులూ ఒకటే పని. గొట్టాల్లో గడ్డలున్నాయా చూడటం, దారాల్లో చేరిన తేమని గ్యాసుతో ఊదెయ్యడం, మళ్ళీ స్టూలు మీద కూలబడటం. కళ్ళు మూసినా పంపు చప్పుడే.

ఆ మధ్యలోనే మేడమ్ నాగమణి గారిని అడిగారు. "ఇన్‌హేలర్ వాడట్లేదా?"

"వాడతారండి. కౌంటర్లో ఎట్లా వాడతారు? చిల్లర కొట్లవాళ్ళు చూస్తే క్షయ అనుకుంటారు. ఆయన తూచిన సరుకు ఇంకెవరు కొంటారు? ఆయాసమొస్తే గోడౌన్లోకెళ్ళి, మిరప బస్తాల వెనక పీల్చుకొస్తారు. ఒక్కోసారి మందు పన్చెయ్యట్లేదని మళ్ళీ వెళ్తారు."

ఇన్‌హేలర్ వాడాలంటే గుండెల నిండా గాలి పీల్చాలి. మందుతోపాటు మిరప ఘాటూ అంత లోతుకీ పోయేది.

మూడో రోజు మందులు పట్టి, బిగుసుకున్న ఆయన శ్వాసనాళాలు సడలాయి. మా యంత్రం తీసేశాం. గొంతులో ట్యూబు తీశాక ఆయన మొదటి మాట, "కొట్టు తెరిచారా?"

"చచ్చి బతికారు, ఇంకా కొట్టేనా!" అన్నారు నాగమణి గారు, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

ఇంటికెళ్ళే రోజు చెప్పాను. "ఇన్‌హేలర్ కాటా పక్కనే పెట్టుకోండి. గోడౌన్ వద్దండి."

ఆయన నవ్వారు. "నువ్వు మిషన్లు నడిపావు బాబూ. కొట్టు నడపలేదు."

వానాకాలంలో వత్సవాయిలోని మా అక్క వాళ్ళింటికి పోతూ జగ్గయ్యపేటలో దిగి, ఆయన కొట్టుకెళ్ళాను. నాగమణి గారు కూడా కౌంటర్లో కూర్చున్నారు. చిల్లర కొట్టు ముసలాయన ఒకరితో బేరం మధ్యలో సుబ్బారావు గారికి పిల్లికూతలు మొదలయ్యాయి. అలవాటుగా లేచి గోడౌన్ వైపు తిరిగారు. ఆమె ఇన్‌హేలర్ తీసి ఠక్కున కాటా పళ్ళెంలో పెట్టారు.

"ఇక్కడే."

ఆయన నన్ను చూశారు, ఎదుటి ముసలాయన్ని చూశారు, పీల్చారు.

"గదేంది శెట్టీ?" అన్నాడు ముసలాయన.

"ఉబ్బసానికి."

"మా కోడలికీ ఉంది. యాడ దొరుకుద్ది?" అని, జవాబు విన్నాక, "సరే, ధర తగ్గించు" అన్నాడు.

మా యంత్రం ఆయనకి రెండు రోజుల వ్యవధి ఇచ్చింది. దాని చేతనైంది అంతే. అప్పట్నుంచి ఉబ్బసం కేసు ఏదొచ్చినా, ఏ మందు వాడుతున్నారో అడిగాక ఇంకొకటి కూడా అడుగుతున్నాను. ఎక్కడ నిలబడి పీలుస్తారండీ, అని.